స్పీకర్ పోయిందనుకుని కోఠీకి మోసుకెళ్ళాను

ఈ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొని ఆరేళ్ళు దాటింది. వాట్లు, ఓమ్‌లు అన్నీ పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్కటే: రికార్డింగ్‌లో లోపం ఉంటే ఇవి ఏమాత్రం కప్పిపుచ్చవు. మొదటి ఏడాది ఇదే గుణాన్ని ఊరంతా చెప్పుకుని, ఇద్దరు మిత్రుల చేత కూడా కొనిపించాను. అందులో ఒకతను ఇప్పటికీ కనిపించినప్పుడల్లా దెప్పుతుంటాడు.

మూడేళ్ళ కిందటి సంగతి. తొంభైల్లో కొన్న కర్ణాటక గాత్ర కచేరీ సీడీ ఒకటి నా దగ్గరుంది. గీతలు పడి రెండో కీర్తన దగ్గర ఆగిపోతోంది. అదే కచేరీ ‘రీమాస్టర్డ్’ (పాత రికార్డింగ్‌కి కొత్తగా మెరుగులు దిద్దినది) అని కనిపిస్తే డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నాను. మొదటి పది నిమిషాలు అబ్బో అనిపించింది. గొంతు ఎదురుగా వచ్చి కూర్చుంది, వయొలిన్ మెరిసిపోతోంది. తని ఆవర్తనం, అంటే మృదంగం విడిగా వాయించే భాగం, మొదలయ్యాక మాత్రం, మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా చిన్న గరగర. ఎడమ స్పీకర్లోనే ఎక్కువ. ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) పోయిందని టెన్షన్ పడి, దుప్పట్లో చుట్టి ఆటోలో కోఠీకి తీసుకెళ్ళాను. మెకానిక్ మొదట అడిగింది: “ఎడమదీ కుడిదీ మార్చి విన్నారా సార్?” వినలేదు. ఆయన తన పెన్‌డ్రైవ్‌లోని పాటలు నాలుగు వేశాడు. గరగర లేదు. “స్పీకర్ బంగారం సార్, పాట మార్చండి” అని రెండొందలు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి పాత సీడీలో కాపీ అయినంత వరకు కంప్యూటర్లోకి ఎక్కించి, శబ్దాన్ని గీతల్లా చూపించే ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో రెండూ పక్కపక్కన తెరిచాను. పాతది ఎగుడుదిగుడుగా, అక్కడక్కడా మృదంగం దెబ్బలు జొన్న కంకుల్లా పైకి లేచి ఉంది. కొత్తది గోడ కట్టినట్టుంది. దగ్గరగా జూమ్ చేస్తే ప్రతి గట్టి దెబ్బ తలా కత్తిరించిన క్రోటన్ మొక్కలా చదును.

డిజిటల్లో సున్నా డెసిబెల్ దాటి పైకి పోవడానికి లేదు. అయినా మన పాట పక్క పాటకన్నా గట్టిగా వినపడాలంటే దెబ్బల్ని నొక్కి, మిగతాదంతా పైకి లేపాలి. గట్టిగా ఉన్నదే మొదట బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఆ మెరుపంతా అదే. కొత్తదాన్ని ఏడు డెసిబెల్స్ తగ్గించి పాతదానికి సమానం చేసి వింటే మెరుపు పోయింది. పైగా గాయకుడు ఊపిరి తీసుకునే ప్రతిచోటా తంబురా శబ్దం పైకి ఉబికి వస్తోంది, ఆయన అందుకోగానే మళ్ళీ కిందికి. ఒకసారి చెవిన పడ్డాక ఇక దాన్ని వినకుండా ఉండలేం.

రాక్ పిచ్చి ఉన్న మా మేనల్లుడికి చెబితే నవ్వాడు. 2008లో మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ విషయంలో అభిమానులు గొడవ చేసింది ఇందుకేనట. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో ఇంత నలగకుండా వినిపించాయి, దాంతో సీడీ గుట్టు బయటపడింది. ఇప్పుడు స్పాటిఫై లాంటివి మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తాయి కాబట్టి గట్టిగా చేసి లాభం తక్కువే. కానీ తెగిన తలలు మళ్ళీ మొలవవు కదా.

పాతవన్నీ మేలని అనను. పాత టేపుల బుస్సుమనే శబ్దం తీసేస్తామని సకారాలు కూడా తుడిచేసిన పాత పాటల సీడీలు నా దగ్గరే ఉన్నాయి. స్పీకర్లదీ కొంత తప్పుంది. పై స్వరాలు కాస్త పదును. మా గది పది బై పన్నెండు, నేలంతా టైల్స్. తివాచీ వేశాక కొంత నయం.

నాకు యాభై నాలుగేళ్ళు. తెల్లారుజామున గంటసేపు, చిన్న శబ్దంలో, ఎక్కువగా కచేరీలే వింటాను. ఆ వాడకానికి వీటిని ఇప్పటికీ వదులుకోను. కొత్త సినిమా పాటలు మా ఆవిడ వంటింట్లో బ్లూటూత్ డబ్బాలో పెడుతుంది. అక్కడే హుషారుగా ఉంటాయి, వీటిలో వేస్తే అరగంటకే తల బరువెక్కుతుంది. మీ ఇంట్లో ఎక్కువగా వినేది అవే అయితే, సొంత పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి షాపులో కనీసం అరగంట కూర్చుని వినండి.

ఆ రెండో కీర్తన మాత్రం ఇప్పటికీ రీమాస్టర్‌లోనే వింటున్నాను, వేరే దారి లేక.