దొర బంగళా బాగానే పడింది, గుడిసెలే మాయం

అమెరికాలో ‘మల్బరీ’ అనే పేరున్న పాత ప్లాంటేషన్ (బానిసలతో సాగు చేయించిన దొరల ఎస్టేటు) బొమ్మ ప్రింటు ఒకటి ఫ్రేముతో సహా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కాగితం మందంగా ఉంది, చెక్క గట్టిది, ప్యాకింగుకూ వంక పెట్టలేను. అయినా రెండు స్టార్లే, ఎందుకంటే బొమ్మలో ఏం చూడాలని కొన్నానో అదే కనబడటం లేదు.

థామస్ కోరమ్ 1800 ప్రాంతంలో కాగితం మీద ఆయిల్ రంగులతో వేసిన బొమ్మ ఇది, అసలుది అమెరికాలో చార్ల్‌స్టన్‌లోని గిబ్స్ మ్యూజియంది. సౌత్ కెరొలైనాలో కూపర్ నది దగ్గర 1714లో కట్టిన దొర బంగళా వెనకెక్కడో చిన్నగా ఉంటుంది, ముందంతా దారికి అటూ ఇటూ బానిసల గుడిసెలే, నిట్రంగా ఏటవాలు కప్పులతో. బొమ్మ ఇంగ్లీషు పేరులో ‘ఇల్లు, వీధి’ అని ఉంటుంది, ఆ వీధి అంటే ఈ గుడిసెల వరసే.

అసలు బొమ్మ దాదాపు పోస్టుకార్డంత. ప్రింటు అమ్మే షాపువాళ్లు దాన్ని రెండడుగులకు సాగదీసేసరికి గుడిసెలన్నీ నల్లటి ముద్దైపోయాయి, అంచున ఉన్నది సగం ఫ్రేము లోపలి అట్ట కిందకి పోయింది. బంగళా మీద మాత్రం వెలుతురు బ్రహ్మాండం! పైగా వివరణలో ‘ప్రశాంతమైన పల్లె దృశ్యం, మీ హాలుకి అందం’ అట, బానిసలన్న మాట ఒక్కచోటా లేదు.

ప్రశాంతం ఏంటండీ, అది వరి పండించిన చోటు. చిత్తడి అడవి నరికి, గట్లు పోసి, తూములు పెట్టి, ఆ బురదలో మలేరియాతో చచ్చింది ఆ గుడిసెల్లోవాళ్లు. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండే చోట్ల నుంచి పట్టుకొచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. వడ్లు కూడా రోట్లో రోకళ్లతో వాళ్లే దంచి, చేటల్లాంటి గడ్డి బుట్టలతో చెరిగేవాళ్లు. మా అమ్మమ్మా దంచింది, చెరిగింది, కాకపోతే అవి ఆమె ఇంటి గింజలు. చార్ల్‌స్టన్ బజారులో ఆ గడ్డి బుట్టలల్లి అమ్మే ఆడవాళ్లను ఇప్పటికీ చూడొచ్చు, ఆ బానిసల సంతతివాళ్లే.

షాపువాళ్లకు ఫొటో పంపితే ‘ముదురు రంగులు పాతకాలపు లుక్ కోసం’ అన్నారు. వాపసు పంపేశాను, డబ్బు ఇంకా రాలేదు. కొనాలనుకుంటే చిన్న సైజే తీసుకోండి, అట్ట లేకుండా ఇవ్వమని ముందే అడగండి.