మిస్టరీ షాపింగ్ సంస్థలు: రిపోర్టు తిరస్కరించిన రోజున తెలిసే గుణం

మామూలు కొనుగోలుదారులా దుకాణానికో హోటలుకో వెళ్లి, అక్కడి సేవ ఎలా ఉందో గుట్టుగా చూసి రిపోర్టు రాసి ఇవ్వడమే మిస్టరీ షాపింగ్. ఈ పని ఇప్పించే సంస్థల్లో ఏది మంచిదని తెలిసినవాళ్లు అడిగినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాను. మీ రిపోర్టు చెల్లదన్నప్పుడు, మీరు చేతి నుంచి పెట్టుకున్న డబ్బు సంగతి ఏమిటో ఆ సంస్థ ఎక్కడైనా రాసిందా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఫీజు ఎంత, యాప్ బాగుంటుందా, నెలకు ఎన్ని పనులు వస్తాయి అనే అడుగుతారు. అవన్నీ చూసుకోవలసినవే. కానీ ఈ ఒక్కటి తేలకుండా అవేవీ లెక్కలోకి రావని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం వెనుక 2,380 రూపాయల బిల్లు ఒకటి ఉంది.

హైదరాబాదులో కొన్నేళ్లుగా మూడు సంస్థలకు ఈ పని చేస్తున్నాను. ఒకటి అనేక దేశాల్లో శాఖలున్న పెద్ద సంస్థ, రెండోది ఉత్తరాది నుంచి నడిచే మధ్యరకం సంస్థ, మూడోది చాలా చిన్నది. పేర్లు రాయను. ఏ సంస్థ ఒప్పందంలోనైనా గోప్యత షరతు ఉంటుంది. ఏ దుకాణానికి వెళ్లామో, ఎవరి తరఫున వెళ్లామో బయటపెడితే ఆ రోజుతో మన ఖాతా మూతపడుతుంది.

పెద్ద సంస్థను నేను చాలాకాలం నెత్తిన పెట్టుకున్నాను. ఇంటి చుట్టుపక్కల ఏ పనులు ఉన్నాయో యాప్‌లో మ్యాపు మీద కనిపిస్తాయి. గైడ్‌లైన్స్ చదివితే అనుమానం మిగలదు. ఫీజు చెప్పిన తేదీకి బ్యాంకులో పడుతుంది. రాజమండ్రిలో ఉన్న మా అక్కను కూడా అందులోనే చేర్పించాను. ఆ మాటల్లో ఏదీ ఇప్పుడు వెనక్కి తీసుకోను, అంతా సవ్యంగా సాగినంతవరకు అని మాత్రం చేరుస్తాను.

సవ్యంగా సాగనిది ఒక రాత్రి భోజనం. హైటెక్ సిటీ వైపు ఖరీదైన రెస్టారెంటు. ఇద్దరికి 2,500 రూపాయల వరకు బిల్లు తిరిగి ఇస్తారు, పైన 400 ఫీజు. స్టార్టరు, మెయిన్ కోర్సు, డెజర్టు, ఒక మాక్‌టెయిల్ తప్పనిసరి. ఆ 2,500లోనే జీఎస్టీ కూడా ఇమడాలి కాబట్టి మెనూ ధరల మీద 5 శాతం వేసుకుని ముందే లెక్క కట్టుకోవాలి. దాటితే తేడా మనదే. రాత్రి ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నర లోపు అంతా ముగియాలన్నది షరతు. మా ఆయన ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వచ్చారు.

ఇలాంటి భోజనంలో రుచి తెలియదు. కూర్చున్న ఎన్ని నిమిషాలకు నీళ్లు పోశారు, ఆర్డరు తీసుకున్న మనిషి పేరేమిటి, వంటకం ఏమిటో చెప్పి పెట్టాడా, గిన్నె పెట్టేసి వెళ్లిపోయాడా, అడగకుండా సర్వీస్ ఛార్జి కలిపారా, చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందా అనేవన్నీ బుర్రలో నిలుపుకోవాలి. నేను సమయాలను మా అక్కకు మెసేజీలుగా పంపుతాను. దూరం నుంచి చూసేవాళ్లకు కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది, సమయం కూడా దానంతట అదే నమోదవుతుంది. ఆ రాత్రి "7.52 పనీర్ ఆర్డరు", "8.24 ఇంకా రాలేదు" అని వరుసగా వెళ్తుంటే ఆవిడ "పోనీ ఇంటికి వెళ్లి ఉప్మా చేసుకోండి" అని బదులిచ్చింది.

స్టార్టరు బల్ల మీదికి రావడానికి ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది. గైడ్‌లైన్స్‌లో ఆ రెస్టారెంటు పెట్టుకున్న ప్రమాణం పన్నెండు నిమిషాలు. రోటీలు ముందు వచ్చి చల్లారాక కూర వచ్చింది. డెజర్టు రాసుకుని వెళ్లిన అబ్బాయి మళ్లీ కనిపించలేదు, ఇంకొకరిని పిలిచి చెప్పవలసి వచ్చింది. తొమ్మిదింబావుకే బిల్లు అడిగాం. చేతికి వచ్చేసరికి దాని మీద అచ్చయిన సమయం 9.41.

పన్నెండు గంటల గడువు కాబట్టి ఇంటికి వచ్చి అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని రిపోర్టు పంపాను. ఆలస్యం ఎక్కడెక్కడ జరిగిందో నిమిషాలతో సహా రాశాను, బిల్లు ఎందుకు గడువు దాటిందో కూడా రాశాను. నాలుగో రోజున జవాబు వచ్చింది. బిల్లు సమయం నిర్ణీత వ్యవధిలో లేదు కాబట్టి రిపోర్టు చెల్లదు. ఫీజు లేదు, భోజనానికి పెట్టిన 2,380 రూపాయలూ లేవు.

నా కడుపుమంట అంతా ఇక్కడే. ఆ రెస్టారెంటు యాజమాన్యం డబ్బు ఖర్చుపెట్టి తెలుసుకోవాలనుకున్నది ఏమిటి? తమ సిబ్బంది వచ్చినవాళ్లను ఎంతసేపు కూర్చోబెడుతున్నారనే కదా! కూర్చోబెట్టారు, నేను అది పట్టుకున్నాను. ఆలస్యాన్ని పట్టి ఇచ్చిన రిపోర్టు ఆలస్యమైందన్న కారణంగా చెల్లదట. కోఆర్డినేటరుకు మెయిల్ రాస్తే గైడ్‌లైన్స్‌లోని ఆ పేరాను కత్తిరించి పంపారు. అది చదివానని, అయినా ఇలా జరిగిందని రాస్తే మళ్లీ అదే పేరా వచ్చింది, ఈసారి పసుపు రంగు పూసి.

పోతే పోయిందని వదిలేసిన తర్వాత ఒక మధ్యాహ్నం ఆ సంస్థ నుంచే ఫోను వచ్చింది. వేరే విభాగం అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. "మేడం, స్టార్టరు ఆలస్యమైనప్పుడు స్టీవార్డు క్షమించమన్నారని రాశారు. తనంతట తానే అన్నారా, మీరు అడిగాక అన్నారా? క్లయింటు తెలుసుకోవాలంటున్నారు." చెల్లదన్న రిపోర్టు క్లయింటు దాకా ఎలా వెళ్లిందమ్మా అని అడిగాను. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "కనుక్కుని చెబుతాను మేడం" అని పెట్టేసింది. మర్నాడు చూస్తే నా ఖాతాలో ఆ పని ఎదుట 'రిజెక్టెడ్' పోయి 'అండర్ రివ్యూ' వచ్చింది. ఇది రాస్తున్న రోజుకూ అదే ఉంది.

చిన్న సంస్థను చూస్తే మొదట ఎవరికీ నమ్మకం కలగదు. వెబ్‌సైటు ఏ కాలం నాటిదో, ఫోనులో ఫారం సరిగా తెరుచుకోదు, కంప్యూటర్ ముందు కూర్చోవలసిందే. గైడ్‌లైన్స్ ఒక వర్డ్ ఫైలు, అందులో అక్షరదోషాలు. నేను వాళ్లకు చేసిన తొలి పనుల్లో ఒకటి నగల దుకాణం. కొనక్కర్లేదు, రెండు తులాల గొలుసు కావాలని అడిగి రావాలి. తరుగు, మజూరీ విడివిడిగా చెబుతారా, లేక మొత్తం ధర ఒక్కసారిగా అనేసి ఊరుకుంటారా అన్నది వాళ్లకు కావాలి. హాల్‌మార్కు గురించి కూడా చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకుండా దుకాణంలో అమ్మకూడదు. అది చూపించి చెబుతున్నారా లేదా అన్నది మరో ప్రశ్న.

నాకు నగలు చూపించిన పెద్దాయన చొక్కాకు పేరు బిళ్ల లేదు. కొననివాళ్లు అమ్మేవాడి పేరు అడిగితే వెంటనే అనుమానం వస్తుంది. కళ్లజోడు, నెరిసిన మీసం, కుడిచేతికి రాగి కడియం, గొలుసుల కౌంటరులో ఎడమ నుంచి రెండో మనిషి అని గుర్తులు రాసి, పేరు గడి ఖాళీగా వదిలేశాను. పెద్ద సంస్థలో పేరు గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకే కదలదు. ఇక్కడ మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది. చెన్నై నుంచి, కాస్త తమిళ యాస కలిసిన తెలుగులో. "పేరు లేకపోయినా పర్వాలేదండీ, ఎన్ని గంటలకు వెళ్లారో ఉంది కదా, వాళ్ల డ్యూటీ చార్టులో దొరుకుతుంది. ఇంకొకటి చెప్పండి, భూతద్దం మీరు అడిగితే ఇచ్చారా, ఆయనే తీసి ఇచ్చారా?" భూతద్దం సంగతి నేను రిపోర్టు చివర, వ్యాఖ్యల గడిలో, ఒక్క వాక్యంలో రాశాను. ఆ వాక్యం దాకా చదివినవాడు ఒకడు ఉన్నాడంటే నాకు కలిగిన సంతోషం ఫీజు పడ్డ రోజున కూడా కలగలేదు. ఆయనే తీసి ఇచ్చారని చెప్పాను. ఆ సాయంత్రానికి రిపోర్టు ఆమోదం పొందింది.

అప్పటి నుంచి, చేతి డబ్బు పెట్టవలసిన పని ఏది వచ్చినా ఒప్పుకోవడానికి ముందు ఒక మెయిల్ పంపుతున్నాను. "దుకాణం వల్లే ఆలస్యమైతే ఏం చేయాలి?" అంతే. చిన్న సంస్థ "అక్కడి నుంచే ఫోను చేయండి, వ్యవధి పొడిగిస్తాం" అని గంటలో రాసింది. పెద్ద సంస్థ గైడ్‌లైన్స్ చూడమంది. గైడ్‌లైన్స్‌లో చెల్లింపుల భాగం చివర "ఏ కారణం చేతనైనా", "సంస్థ విచక్షణ మేరకు" అనే మాటలు ఉంటే, అక్కడ నేను భోజనాలు, హోటల్ బసలు తీసుకోవడం మానేశాను. వివరాలు అడిగి వచ్చే పనులు మాత్రం అదే సంస్థలో ఇప్పటికీ చేస్తున్నాను. పోతే ఒక సాయంత్రం, మెట్రో టికెట్టు పోతాయి.

చిన్న సంస్థను ఇంత మెచ్చుకున్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. మొదట్లో నెల తిరిగేసరికి డబ్బు వేసేవారు. ఈమధ్య రెండు నెలలు పడుతోంది, ఒకసారి గుర్తు చేయవలసి వచ్చింది. ఆ చెన్నై ఆయన సెలవులో ఉంటే రిపోర్టు అలాగే పడి ఉంటుంది. పైగా పనులు తక్కువ, ఉన్నవీ నగరంలోనే. దీని మీదే ఆధారపడదామనుకునేవాళ్లకు ఇది కుదరదు.

మధ్యరకం సంస్థ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, టీడీఎస్ విషయం తప్ప. అంటే మనకు డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను. వీళ్లు ఫీజునూ, తిరిగి ఇచ్చే బిల్లు డబ్బునూ కలిపి మొత్తం మీద పన్ను కోస్తారు. వృత్తి ఫీజు కింద చూపిస్తే 10 శాతం, కాంట్రాక్టు కింద చూపిస్తే వ్యక్తులకు 1 శాతం, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. 10 శాతం పద్దులో 2,000 రూపాయల బిల్లు కూడా చేరితే అందులో 200 మన చేతికి రాదు. రిటర్ను వేస్తే వెనక్కి రావచ్చు, కానీ అది మన సంపాదన కాదని మనమే లెక్క చూపుకోవాలి. ఆదాయపు పన్ను సైటులో మన పాన్ కింద వీళ్లు వేసిన పద్దు ఏడాదికి ఒకసారైనా చూసుకోవడం మంచిది.

ఇక ఎంఎస్‌పీఏ గుర్తు. ఈ రంగంలోని సంస్థల సంఘం అది, ఆసియా పసిఫిక్‌కు విడిగా విభాగం కూడా ఉంది. ఆ సభ్యత్వం ఉన్నవాళ్లనే ఎంచుకోమని నేనూ ఒకప్పుడు అందరికీ చెప్పాను. ఇప్పుడూ చెబుతాను, అయితే దొంగ సంస్థలను వడకట్టడానికి మాత్రమే. నా భోజనం డబ్బు ఆపిన సంస్థ కూడా అందులో సభ్యురాలే. దొంగలను గుర్తించడం అంత కష్టం కాదు. చేరడానికి డబ్బు అడిగినా, ముందు డిపాజిట్ కట్టి రేటింగులు ఇవ్వమన్నా అది మిస్టరీ షాపింగ్ కాదు. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. అమెరికాలో ఈ మోసం చెక్కు రూపంలో వస్తుంది. చెక్కు బ్యాంకులో వేసుకుని, కొంత ఉంచుకుని మిగతాది పంపమంటారు. చెక్కు నకిలీదని బ్యాంకు తేల్చేసరికి మన సొమ్ము వెళ్లిపోయి ఉంటుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని మీద హెచ్చరిస్తూనే ఉంది. అక్కడ చదువుకుంటున్న మా పిన్ని మనవడు ఖాళీ వేళల్లో ఈ పని చేయవచ్చా అని అడిగాడు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అనుమతి లేకుండా బయట చేసే ఏ సంపాదన పనైనా వీసాకే ముప్పు, సంస్థ ఎంత మంచిదైనా సరే వద్దన్నాను.

నా లెక్క నా పరిస్థితికి సరిపోయేది. కూకట్‌పల్లిలో ఉంటాను, మెట్రో దగ్గర, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇల్లు మా ఆయన జీతంతో గడుస్తుంది. రెండు నెలలు ఆగి వచ్చే డబ్బు నాకు ఇబ్బంది కాదు, మనిషి చదివే చోట పని చేయడం ముఖ్యం. నెలాఖరుకు డబ్బు కావలసినవాళ్లకు పెద్ద సంస్థే నయం కావచ్చు, విందులు మాత్రం ముట్టుకోకుండా. మా అక్క సంగతి వేరు. రాజమండ్రిలో చిన్న సంస్థకు పనే లేదు. అందుకే ఆమెను మధ్యరకం సంస్థలో పెట్రోలు బంకు పనులు తీసుకోమన్నాను. మీటరు సున్నా చూపించారా, గాలి ఉచితంగా పట్టారా, అడిగితే ఐదు లీటర్ల కొలపాత్ర తెచ్చారా అన్నది చూసి రావాలి. స్కూటీకి పెట్రోలు ఎలాగూ పోయించుకోవాలి కదా, రిపోర్టు తిరస్కరించినా ట్యాంకులో పెట్రోలు ఉంటుంది.