గత్తం ఎక్కడ నిలుస్తుంది: మెట్ట ఎర్రనేలలోనా, పల్లపు బంకనేలలోనా, ఉద్దానం ఇసుకలోనా?

ఉన్న నాలుగు బళ్ల గత్తం (పశువుల పెంట ఎరువు) మెట్టకు తోలాలా, పల్లానికి తోలాలా అన్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతుకు ఏటా తొలకరికి ముందు వచ్చే ప్రశ్నే. ఆ గత్తంలోని కర్బనాన్నీ నత్రజనినీ ఏ నేల ఎంతకాలం పట్టి ఉంచుతుందో తెలిస్తే జవాబు కొంత తేలికవుతుంది.

వాతావరణం విషయంలో ఈ నేలల మధ్య పెద్ద తేడా లేదు. ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైచిలుకు వాన, దాదాపు ఏడాది పొడవునా వేడి అన్నిటికీ ఉన్నవే. వేడి 10 డిగ్రీలు పెరిగితే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది కనుక, చలిదేశపు నేలలో ఏళ్ల తరబడి ఉండే ఎరువు మన దగ్గర త్వరగా కరిగిపోతుంది. అలా కరిగిపోకుండా కొంతైనా కాపాడేది మట్టిలోని ఖనిజమే. అసలు తేడా అక్కడే ఉంది.

ఇక్కడి కొండలలో విరివిగా కనిపించే ఖోండలైట్ శిల శిథిలమైతే వచ్చే ఎర్రమట్టిలో కెయోలినైట్ అనే బంక ఖనిజం ఎక్కువ. దాని ఉపరితలం గ్రాముకు సుమారు 10 నుంచి 20 చదరపు మీటర్లు. నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ అనే బంక ఖనిజానికి లోపలి పొరలు కూడా కలుపుకుంటే 700 దాటుతుంది. పట్టుకునే ఉపరితలం అంత తక్కువ కనుక ఎర్రనేలకు అమ్మోనియాన్ని పట్టి ఉంచే శక్తి తక్కువ. అయితే ఆ ఎరుపునిచ్చే ఇనుము ఆక్సైడ్లు కర్బనాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. పట్టు గట్టిదే గాని, వేసవి దుక్కులతో మాటిమాటికీ గాలి ఆడే మెట్టలో పట్టుకోవడానికి మిగిలేది కొద్దిగానే.

వంశధార, నాగావళి ఒడ్డు పల్లాల సంగతి వేరు. మడిలో మూడు నెలలు నీరు నిలవడంతో ప్రాణవాయువు అందక కుళ్లడం మందగిస్తుంది, బంకమట్టి అమ్మోనియాన్ని నిలుపుతుంది. వరికోతల తరువాత పదును ఆరకముందే జానెడు లోతు తవ్వి చూస్తే బూడిద రంగు మట్టిలో వేళ్ల దారుల వెంట సన్నని తుప్పు గీతలు కనిపిస్తాయి. నీటి అడుగున కరిగిన ఇనుము తాను పట్టుకున్న కర్బనంలో కొంత వదిలేస్తుంది. వరి వేరు నుంచి ఊరే ప్రాణవాయువు తగిలినచోట మళ్లీ తుప్పై, చుట్టూ ఉన్న కర్బనంలో కొంత పట్టుకుంటుంది. లోపమూ లేకపోలేదు: నీరు నిలిచిన మడి మీథేన్ అనే కర్బన వాయువును వదులుతుంది, తడి పొడి మారినప్పుడల్లా నైట్రేట్ రూపంలోని నత్రజని కొంత గాలిపాలవుతుంది.

శ్రీకాకుళం తీరప్రాంతమైన ఉద్దానం ఇసుక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జీడితోటలో రాలిన ఆకును కాలితో పక్కకు నెడితే దాని కింద కొద్ది లోతులోనే వట్టి ఇసుక. పట్టి ఉంచే ఖనిజం లేక నైట్రేట్ వానతో పాటు కిందికి దిగిపోతుంది. అక్కడి కర్బనంలో పెద్ద భాగం చెట్టులోనే దాగి ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి చెట్లను కూల్చినప్పుడు ఆ నిల్వ కూడా కూలింది.

కాబట్టి నిల్వ ఒక్కటే చూస్తే పల్లానిదే పైచేయి. అయినా గత్తం మెట్టకే తోలాలని నా అభిప్రాయం. పల్లానికి వరి దుబ్బులు, వేళ్లు, ఏటి ఒండ్రు ఎలాగూ అందుతాయి. మెట్టలో చోడికీ (రాగికీ) గోగుకూ ఆ గత్తమే ఆధారం. తేమను నిలిపేదీ అదే. అయితే ఒక లెక్క మరవరాదు. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం నిలవాలి, దానితో పాటు 75 నుంచి 90 కిలోల నత్రజని కూడా కుదురుకోవాలి. ఒట్టి గడ్డి దుక్కిలో కలిపితే ఆ నత్రజనిని సూక్ష్మజీవులు పైరు నోటి దగ్గరి నుంచి లాక్కుంటాయి. అందుకే గత్తంతో పాటు నత్రజనినిచ్చే పచ్చిరొట్టగా జనుమో జీలుగో వేసి పూతకు ముందే కలియదున్నాలి. ఇసుక తోటలో ఆకు తగలబెట్టకుండా, చెట్టు మొదళ్ల చుట్టూ కొద్దికొద్దిగా గత్తం వేస్తే సరిపోతుంది.

మెట్టకు తోలిన గత్తాన్ని చేలో కుప్పలుగా ఎండకు వదిలేస్తే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది గనుక, చిమ్మిన నాడే నాగలి కట్టాలి.