సైమన్ సేస్ ఆటా, బొమ్మ కార్డులా?

అనంతపురం పల్లెల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంగ్లీషు వినిపించేది చాలావరకు బడిలోనే. అందుకే వాళ్లకు ఇంగ్లీషు నేర్పడానికి ఈ రెంటిలో ఏది మేలంటే, ముందుగా నా ఓటు సైమన్ సేస్ ఆటకే. టీచర్ ‘సైమన్ సేస్, టచ్ యువర్ నోస్’ అంటే ముక్కు పట్టుకోవాలి. ‘సైమన్ సేస్’ లేకుండా ‘జంప్’ అంటే కదలకూడదు. ఖర్చు లేదు, వేపచెట్టు కింద కూడా ఆడించొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నోరు విప్పడానికి భయపడే పిల్ల కూడా చేతులతో జవాబు చెప్పేస్తుంది. విన్నదాన్ని ఒంటితో చేసి చూపే ఈ పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960ల్లో ప్రచారంలోకి తెచ్చారు. మాట్లాడమని తొందరపెట్టకుండా ముందు బాగా విననివ్వాలన్నది ఆయన వాదన. పక్కవాళ్లను చూసి చేసేవాళ్లూ ఉంటారు. ఒక రౌండు కళ్లు మూయించి ఆడిస్తే ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

బొమ్మ కార్డులకు కాస్త తయారీ కావాలి. పాత పెళ్లిపత్రికల వెనక చెనిక్కాయ, ఎద్దు, దానిమ్మ గీసినా చాలు. బొమ్మ కార్డుకు దాని ఇంగ్లీషు పేరు రాసిన కార్డును జత కలిపే ఆటలో పేర్లు బాగా గుర్తుంటాయి, చదవడమూ మొదలవుతుంది. కానీ పిల్లలు కిక్కిరిసిన గదిలో ముందు వరుసవాళ్లే ఆడేస్తారు. నలుగురేసి గుంపులు చేయాల్సిందే. జూన్‌లో సైమన్ సేస్‌తో మొదలుపెట్టి, దసరా సెలవుల తర్వాత కార్డులు బయటికి తీయండి.