కడప ఎండలో సోలార్ డ్రయ్యర్: వేడి ఒక్కటే చాలదు

కడప ఎండకు సోలార్ డ్రయ్యర్ ఎందుకని బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. దుమ్ము కోసం అని చెబుతాను. మిద్దె మీద చాపలో ఎండబెట్టిన టమాటా వరుగులు తింటే ఇసుక పళ్లకు తగులుతుంది. డ్రయ్యర్‌లో ఎండినవాటితో ఆ బాధ లేదు.

మాది ఏటవాలు గాజుమూత, లోపల నల్లరంగు వేసిన రేకు, రెండు జల్లెడ తట్టలు ఉన్న పెట్టె. కొన్నేళ్లుగా మిరపకాయలు, టమాటా, కరివేపాకు, వడియాలు అన్నీ ఇందులోనే.

పెట్టె ఎంత వేడెక్కుతుందో చెప్పి అమ్ముతారు. మే నెలలో ఖాళీ పెట్టె ఎలాగూ కాగిపోతుంది. ఆ వేడి ఎంత నీటిని బయటికి పంపుతోందన్నదే అసలు లెక్క. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. కిలో నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ ఆవిరికి దారి లేకపోతే గాజు లోపలివైపు చెమర్చి, వచ్చే ఎండనూ అడ్డుకుంటుంది. మా పెట్టెకు పైరంధ్రాలు మరీ చిన్నవి. వాటిని పెద్దవి చేయించి, నల్లరంగు వేసిన మూరెడు రేకుగొట్టం నిలబెట్టించాం. గొట్టం ఎండకు కాగి లోపలి తడిగాలిని పైకి లాగేస్తుంది. గాజు చెమర్చడం ఆగిపోయింది. మేం చేయించిన మార్పులన్నింటిలో ఇంత మేలు చేసింది మరొకటి లేదు.

అడుగున ఒట్టి రేకే ఉండేది. వేడి కిందికి పోకుండా దాని కింద వరిఊక నింపిన చెక్కపెట్టె బిగించాం. థర్మోకోల్ వద్దు, ఎక్కువ వేడికి మెత్తబడి కుంగుతుంది. తలుపు రబ్బరు పట్టీ రెండో వేసవికే పెళుసెక్కింది. కంపెనీవారు పలకలేదు. పాత సైకిల్ ట్యూబు కోసి అతికిస్తే సందులు మూసుకున్నాయి.

లోపల నల్ల కడప బండ పరిస్తే పొద్దుగూకాక కూడా వేడి నిలుస్తుందంటారు. నిజమే. కానీ పొద్దున ఆ బండ కాగేదాకా పెట్టె వేడెక్కదు. రోజుల తరబడి ఎండాల్సిన మిరపకాయలకు బండ మంచిది, ఒక్కపూటలో ఎండే కరివేపాకుకు అనవసరం. కరివేపాకు మీద పలుచటి నల్లగుడ్డ కప్పండి, పచ్చదనం పోదు.

ఏప్రిల్ చివర మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ నడినెత్తికి వస్తాడు కనుక వాలు గురించి బెంగ లేదు. డిసెంబరులో మాత్రం గాజును దక్షిణానికి తిప్పి, వెనక కాళ్ల కింద ఇటుకలు పెడతాం. గాజును రోజూ పొద్దున, కాగకముందే, తడిగుడ్డతో తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే దుమ్ముకు గీతలు పడతాయి.