పిరికి బోర్డు: ఎండా వానా చూశాక

మా సైటు తాడేపల్లి వైపు, కృష్ణ ఒడ్డుకి దగ్గర. గుంట తవ్వితే నీళ్లే, పంపులు పగలూ రాత్రీ నడవాల్సిందే. టెంపరరీ పవర్ బాధ్యత నాది. లోడు లెక్కలు, కేబుల్ సైజులు, డిస్కమ్ చుట్టూ తిరగడం సైటు నడిపేవాళ్లందరికీ తెలిసిన తంటాలే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాస్తున్నది ఒక్క బోర్డు గురించి. దాంట్లో ప్రతి సాకెట్టుకీ విడిగా 30 మిల్లీఆంపుల ఆర్‌సీబీఓ ఉంటుంది. అంటే వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వచ్చినా (అదే లీకేజీ), ఓవర్‌లోడ్ అయినా ఆ ఒక్క సాకెట్టునే ఆపేసే బ్రేకరు.

మామూలు సైటు బోర్డులో ముందు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ ఒక్కటే, దాని వెనక వరసగా ఓవర్‌లోడ్‌ని మాత్రమే చూసే ఎంసీబీలు. ఏ మూల ఏ మోటారు తడిసినా బోర్డంతా పడిపోతుంది. లీకేజీ ఎక్కడో తెలియాలంటే ప్లగ్గులన్నీ పీకి ఒక్కోటీ పెట్టి చూడాలి. అటు మేస్త్రీ అరుస్తుంటాడు, ఇటు ఇంజనీరు ఫోను. ఎవరో ఒకరు ఆర్‌సీసీబీని పక్కన పెట్టి వైరు డైరెక్టుగా కలిపేస్తారు. ఇక ఆ రోజునుంచి బోర్డు పడదు, మనుషులు పడాలి.

కొత్త బోర్డు ఖరీదు చూసి పర్చేజ్ వాళ్లు మొహం మాడ్చుకున్నారు. మా ఎలక్ట్రీషియన్లు అయితే దానికి పేరే పెట్టేశారు. "ఇది పిరికి బోర్డు సార్, ఊరికే ఉలిక్కిపడిపోద్ది."

ఆ పేరు ఎలా మాసిందో చెప్పాలి. ఒక వానాకాలం పోడియం స్లాబు పోస్తున్నాం. సాయంత్రం జల్లు పడినా పోత ఆపలేదు, ఆపే వీలూ లేదు, రెడీమిక్స్ బండ్లు గేటు దాకా నిలబడి ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక కాంక్రీటుని కుదిపే వైబ్రేటర్ ఒకటి ఆగింది. అదొక్కటే. ఫ్లడ్‌లైట్లు వెలుగుతున్నాయి, మిగతా వైబ్రేటర్లు గోల చేస్తూనే ఉన్నాయి. బోర్డు తలుపు తీస్తే ఒక్క పిడి కిందికి వాలి ఉంది. దాని కేబుల్ పట్టుకుని మావాడు నేరుగా నడిచిపోయాడు. వెతుకులాటే లేదు. క్రేన్ దింపిన కడ్డీల కట్ట కింద కేబుల్ నలిగి, పైన రబ్బరు చీలి, వేలి గోరంత రాగి బయటపడి తడి ఇనుప జాలీకి ఆనుకుని ఉంది. ఆ జాలీ మీదే గమ్‌బూట్లు లేకుండా నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. స్పేర్ వైబ్రేటర్ని పక్క సాకెట్టుకి తగిలించారు, కాంక్రీటు బిగుసుకునేలోపే పని అందుకుంది. పాత బోర్డయితే ఆ చీకట్లో సైటంతా ఆగేది, ఎవరో బైపాస్ చేసేవారు, ఆ తర్వాత జరిగేది నేను ఊహించదలుచుకోలేదు. మేస్త్రీ వచ్చి చూసి, "దీనికి బుర్రుంది సార్" అన్నాడు. అప్పట్నుంచి వైరు డైరెక్టుగా కలుపుదామన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఊరికే పడదు అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. మే నెల వచ్చాక ఆ మాట కాస్త మార్చుకున్నాను. ఈ బ్రేకర్ల ఓవర్‌లోడ్ లెక్క 30 డిగ్రీల దగ్గర కట్టింది. బెజవాడ ఎండలో మూసి ఉన్న ఇనుప పెట్టె లోపల వేడి అంతటితో ఆగుతుందా? బార్ బెండింగ్ మెషీను పొద్దున చక్కగా నడిచేది, మధ్యాహ్నం అదే పనికి పడిపోయేది. అందరూ లీకేజీ అన్నారు. లీకేజీ కాదు, వేడి. పైన రేకు నీడ వేయించి, గాలి ఆడేలా గోడకి ఎడంగా జరిపిస్తే దారికొచ్చింది. బిల్డర్స్ హాయిస్టుది (మనుషుల్నీ సామాన్నీ పైకి తీసుకెళ్లే సైటు లిఫ్టు) వేరే గొడవ. దాని వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె, మామూలుగానే కాస్త లీకు చేస్తుంది, 30 మిల్లీఆంపుల మీద నిలవలేదు. దానికి విడిగా ప్యానెల్ పెట్టి అలాంటి డ్రైవులకి సరిపోయే 300 మిల్లీఆంపుల టైప్ బీ లీకేజీ బ్రేకరు వేశాం.

అసలు భయపెట్టింది మాత్రం జనరేటరు. అద్దెకి తెచ్చిన డీజీకి న్యూట్రల్ ఎర్తింగ్ కలపకుండానే పెట్టేసి పోయారు, బాడీకి మాత్రం ఎర్తు ఇచ్చారు. అలా ఉంటే ఫేజు ఒకటి నేలకి తగిలినా కరెంటు తిరిగొచ్చే దారి ఉండదు, ఆర్‌సీబీఓకి తేడా కనపడదు, అది కదలదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, ఎందుకంటే ఆ బటన్ ఫేజు నుంచి న్యూట్రల్‌కే కరెంటు తిప్పుతుంది, ఎర్తుతో దానికి పని లేదు. నెలనెలా బటన్ నొక్కి రిజిస్టర్లో టిక్కు పెట్టే సైట్లెన్నో! మా ఎలక్ట్రీషియన్ ఫేజు నుంచి ఎర్తుకి కరెంటు వదిలి చూసే టెస్టర్ని సాకెట్టులో పెట్టి, కరెంటు సప్లై మీద ఒకసారి, డీజీ మీద ఒకసారి చూశాడు కాబట్టి బయటపడింది. న్యూట్రల్‌ని రెండు వేర్వేరు ఎర్తు పిట్లకి కలిపాకే ఆ డీజీ మీద లోడు ఎక్కించాం.

ఈ బోర్డుకున్న ఇండస్ట్రియల్ సాకెట్ల వల్ల (వాటికి సరిపడే ప్లగ్గే పెట్టాలి) సాకెట్టులో ఉత్త వైర్లు దూర్చి అగ్గిపుల్లలు కుక్కే అలవాటు చాలావరకు పోయింది. అయినా చిన్న సబ్ కాంట్రాక్టర్ల గ్రైండర్లు ఇప్పటికీ ప్లగ్గు లేకుండానే వస్తాయి, గేటు దగ్గరే ఆపాలి.

కొనమంటానా? మాలా నీటి పక్కన సైటు, రాత్రి పోతలు, షిఫ్టుకో ఎలక్ట్రీషియన్ ఉంటే కొనండి. రెండంతస్తుల ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇంత అక్కర్లేదు, ఎంసీబీల ముందు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టుకుని దాన్ని ఎవరూ బైపాస్ చేయకుండా చూసుకుంటే చాలు. చూసే మనిషి లేని సైటులో ఎంత ఖరీదైన బోర్డయినా పాతదాని గతే పడుతుందేమో, మాకు మనిషి ఉన్నాడు కాబట్టి నాకు అనుభవం లేదు. ప్రాజెక్టు రెండో దశకి ఇవే బోర్డులు అడిగాను, ఈసారి పైన నీడ రేకుతో సహా. పర్చేజ్ నుంచి జవాబు ఇంకా రాలేదు.