పట్టాలు బాగానే ఉన్నాయి, కరెంటే తంటా

మా పెరటి బుల్లి రైలు ఇత్తడి పట్టాలకు ఏమీ కాదని అమ్మినవాళ్లు చెప్పింది నిజమే. ఇన్నేళ్లుగా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ పెరట్లోనే పడి ఉన్నా ఒక్కటీ పాడవలేదు. పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కాస్త వెలిశాయి, అంతే. కానీ పట్టా చెడకపోవడం వేరు, అందులోంచి చక్రాల మీదుగా ఇంజను మోటారుకు కరెంటు సరిగ్గా పారడం వేరు. 45 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న ఈ రైలు పెట్టుకున్నాక నాకు మిగిలిన కోపమంతా ఆ రెండో దాని మీదే.

డబ్బాలో ఏమేం వస్తాయో అందరికీ తెలుసు కాబట్టి అవి వదిలేస్తున్నాను. ఇంజను, గేర్లు నన్ను ఎప్పుడూ ఏడిపించలేదు. మా లైను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలై, రాళ్లగుట్ట చుట్టి, నీటి గుంట మీది వంతెన దాటి, పొదల వెనక పెద్ద మలుపు తిరిగి వస్తుంది. గొడవంతా ఆ పొదల వెనకే. బండి అక్కడికి వెళ్లేసరికి ముందు లైటు మసకబారేది, చక్రాలు నీరసంగా తిరిగేవి, ఆ తర్వాత ఆగిపోయేది. వేలితో కాస్త తోస్తే ఏమీ ఎరగనట్టు బయల్దేరేది. పట్టాలు ప్యాడ్‌తో మెరిసేదాకా రుద్దితే కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మామూలే.

మీటరు పెట్టి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 18 వోల్టులు, పొదల వెనకా 18 వోల్టులే. కరెంటు వస్తోంది, బండి మాత్రం కదలదు! అందరూ ఇంజను మీదే నెపం వేశారు. దాన్ని విప్పి, మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లు చూసి బిగించినా తేడా లేదు. అసలు సంగతి తేలింది ఇంజను పట్టాల మీద ఉండగా మీటరు పెట్టినప్పుడు. అంకె ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. మీటరు దాదాపు కరెంటే లాగదు. అందుకే రెండు పట్టాలు కలిసే జాయింటులో సూదిమొన అంత ఆనుకున్నా వోల్టేజీ నిండుగా చూపిస్తుంది. మోటారు లాగడం మొదలుపెట్టాకే ఆ జాయింటు బండారం బయటపడుతుంది. ఇదే బాధ పడుతున్నవాళ్లు బండి కరెంటు లాగుతున్నప్పుడు జాయింటుకు అటొక మీటరు పిన్ను, ఇటొక పిన్ను పెట్టి చూడండి. మంచి జాయింటు దగ్గర మీటరు దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. నాకు ఒకచోట కొన్ని వోల్టులు కనిపించాయి.

అక్కడ రెండు పట్టాల కొనలను కలిపే లోహపు ముక్కను, అంటే జాయినర్‌ను, జారదీసి చూస్తే లోపల నల్లటి పొర, దానిమీద పచ్చటి మరక, సన్నటి మట్టి. పైన ఎంత రుద్దితే మాత్రం లోపలికి ఏం అందుతుంది? ఇత్తడి ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. 10 మీటర్ల పట్టా 30 డిగ్రీల తేడాకు దాదాపు 6 మిల్లీమీటర్లు అటూఇటూ అవుతుంది. రోజూ ఆ రాపిడికి జాయినర్ వదులవుతుంది. ఆ సందులోకి తేమ, మట్టి చేరతాయి. జాయినర్లు తీసేసి స్క్రూలతో బిగించే క్లాంపులు వేశాక పొదల వెనక ప్రాణం వచ్చింది. కంకరలో వదులుగా పరిచిన చోట పట్టాలు సాగినా ఇబ్బంది లేదు, మలుపు తనంతట తానే సర్దుకుంటుంది. కానీ వంతెన దగ్గర కాంక్రీటుకు బిగించిన ముక్క ఎండలో విల్లులా వంగింది. అక్కడ సందు వదిలి, మీదుగా చిన్న వైరు సోల్డర్ చేయాల్సి వచ్చింది. క్లాంపులు దివ్యంగా ఉన్నాయని చాలామందికి చెప్పాను. ఇప్పుడు చెబితే, అన్ని జాయింట్లకూ కాదని కూడా చెబుతాను.

ఆకులు, జిగట, పట్టా మీద పాకే నత్తలు మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరికి ఇంజను వెనక వ్యాగన్‌లో లిథియం బ్యాటరీ, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ పెట్టించి, చక్రాల నుంచి మోటారుకు వెళ్లే వైర్లు విడదీయించాను. పట్టాలు ఎంత మురికిగా ఉన్నా బండి ఆగట్లేదు. ఊడ్చే పని ఉంది కానీ రుద్దే పని పోయింది. అనుకోని లాభం ఇంకొకటి. లైను చివర బండి గుండ్రంగా తిరిగి అదే పట్టా మీదికి వచ్చేలా లూపు వేసుకున్నాను. పట్టాల్లో కరెంటు ఉంటే అలాంటి లూపులో ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాకు తగిలి షార్టవుతుంది, ఇన్సులేషన్ ముక్కలూ స్విచ్చులూ కావాలి. ఇప్పుడు ఆ టెన్షనే లేదు.

విసుగులూ ఉన్నాయి. బ్యాటరీ వ్యాగన్ ఇంజనుకు తోకలా అతుక్కునే ఉండాలి, ఇంజనుతో వ్యాగన్లను విడదీసి, కలిపి అటూఇటూ మార్చే షంటింగ్ సరదా సగం పోయింది. ఎండలో మూసి ఉన్న వ్యాగన్ బాగా వేడెక్కుతుంది కాబట్టి ఆట కాగానే బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టాలి. పిల్లలు వచ్చినప్పుడే చార్జింగ్ ఉండదు, అదేమిటో!

ఇదంతా మా పెరటి సంగతి. లైను పొడవు, పొదల నీడ, వంగితే పట్టేసే నా నడుము, అన్నీ కలిసి నన్ను బ్యాటరీ వైపు తోశాయి. స్టార్టర్ సెట్లలో వచ్చే 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం మలుపులతో చదునైన చోట చిన్న వలయం వేసుకునేవాళ్లకు పట్టా కరెంటు చాలు, నాలుగు జాయింట్లు చూసుకుంటే సరిపోతుంది. పొగ వచ్చే ఇంజను కావాలనుకునేవాళ్లు మాత్రం బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ముందే లెక్క చూసుకోండి. పొగ యూనిట్ కరెంటు బాగా తింటుంది. నేను దాని వైరు తీసేశాను.